మొర్రి గింజలు

ఇరవై ఏళ్ల కిందట, ఎండలు ముదరకముందే, భద్రాచలం నుంచి కొత్తగూడెం పోయే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో గంపెడు మొర్రిపండ్లు. ఒక దొప్పెడు కొనుక్కున్నాను. పైన నల్లగా పండినవి, అడుగున అన్నీ పచ్చివే. వగరుకు నాలుక మొద్దుబారింది. కిటికీలోంచి ఉమ్మబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బయట ఉమ్మకుండ్రి సారూ. గింజ నాకియ్యుండ్రి."

అరచెయ్యి నా మూతి కిందే ఉంది. ఆ చేతిలో ఉమ్మలేకపోయాను. దొప్పలో ఉమ్మితే, గింజలు ఏరి కొంగుకు తుడిచి మూట కట్టుకుంది.

"పగలగొడితే సారపప్పు. షావుకారు కొనేది గదే."

"మరి పండకముందే తెంపడమెందుకు?" విసుగ్గా అడిగాను.

"తెంపలే, కొమ్మలే నరికినం. ముందుగాల కొత్తపండ్ల పండుగ చేసేదాక ఊళ్లె ఎవ్వరు ముట్టకపోతుండె. ఇప్పుడు షావుకారు పండుగకు ముందే వస్తుండు. మేం ఆగితే పక్కూరోళ్లు నరుకుతరు."

"వచ్చే ఏడు?"

"ఇంకో చెట్టు సూసుకుంటం," అని పాల్వంచలో దిగిపోయింది.

ఆమె దిగాక నాకు ముందు గుర్తొచ్చింది చెట్టు కాదు, ఎంగిలి. మా ఇంటి పాయసంలో పప్పు ఎవరి నోట్లోంచి వచ్చిందోనని. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఇప్పటికీ పాయసంలో సారపప్పు తేలితే గిన్నె పక్కకు జరుపుతాను. మా ఆవిడ అడిగితే ఒంటికి పడదని చెబుతాను.