అగ్గిపుల్ల వాసన

సీసాలో చుక్క కలిపిన ప్రతిసారీ విక్టర్ ఆ ద్రవాన్ని ముంజేతికి రాసుకుని, కళ్లు మూసుకుని, దూరపు వానను పసిగట్టే రైతులా తలెత్తి పీలుస్తాడు. నారాయణఖేడ్ బస్టాండు పక్కన తన సెల్‌ఫోన్ దుకాణంలో చాటుగా అమ్మే ఎలక్ట్రానిక్ సిగరెట్లలోకి మామిడి, ఏలకుల రుచులు తనే కలుపుతాడు. ఈసారి కలిపింది బీడీ రుచి, తండ్రి లాజరు కోసం. ఇంకా బీడీలు తాగితే ఊపిరితిత్తులు దక్కవని దవాఖానలో చెప్పారు. అయినా లాజరు జేబులో బీడీకట్ట అలాగే ఉంది.

"గిది గుంజి సూడు నాయినా," అంటూ ఆ సిగరెట్ గొట్టం అందించాడు.

లాజరు పీల్చి మొహం చిట్లించాడు. "గిండ్ల అగ్గేది రా? గీ ఆవిరికి ఉడకనీకి నేనేమన్న ఇడ్లీనా?"

ఆయన చేయి జేబులోకి పోయింది. బీడీకట్ట, అగ్గిపెట్టె బయటికొచ్చాయి. లాజరు పుల్ల గీసి, ఆ ఘాటును ముక్కునిండా పీల్చుకుని, ఊది ఆర్పేశాడు. వెంటనే గొట్టం నోట్లో పెట్టుకుని నిదానంగా గుంజాడు. తర్వాత అగ్గిపెట్టెను జేబులో వేసుకుని, బీడీకట్టను కొడుకు వైపు తోశాడు.