కిళ్ళీ నములుతూ చచ్చినాయన

బర్మాలోని యాంగాన్‌లో తామ్వే పేటకు వెళ్ళే బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన కిళ్ళీ నములుతూ, ఒళ్ళోని గిటారు నిమురుతూ చెప్పాడు: "కౌబాయ్ సినిమాల్లో పాటొకటి పాడగానే సచ్చిపోయే వేసాలే నాయి, బాబూ."

అంతలో తాగినవాడొకడు మన తెలుగు కండక్టర్ చెంప కత్తితో చీల్చి, గొంతు మీదికి మళ్ళీ కత్తెత్తాడు. ముసలాయన అడ్డుపడ్డాడు. కత్తి గిటారులో దిగింది. ఆయన మాత్రం కెవ్వుమని, నోటినిండా ఎర్రగా కక్కుకుని, బస్సు పొడవునా దొర్లి, కాళ్ళు కొట్టుకుని చచ్చాడు. చంపేశాననుకున్న తాగుబోతు కదిలే బస్సులోంచి దూకి పారిపోయాడు.

కండక్టర్ ఏడుస్తుంటే, శవం లేచి గడ్డం మీది కిళ్ళీరసం తుడుచుకుంది.

"ఏటేడుస్తావు నాయనా? నీది నిజం నెత్తురు, ముందు గుడ్డ ఒత్తుకో" అని, గిటారు చిల్లులో వేలు పెట్టి చూసుకున్నాడు. "సినిమాల్లో నన్ను సంపినోడు ఒక్కడూ పారిపోలేదు, బాబూ."

ఇప్పుడు నా కథల్లో ఎవరిని చంపాలన్నా, ముందు వాళ్ళ నోట్లో కిళ్ళీ పెడుతున్నాను.