చిన్నమ్మ తీసుకున్న ఇంటర్వ్యూ

ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు కోడుమూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. కర్నూలులో ఒక పునరావాస కేంద్రంలో కౌన్సెలర్ ఉద్యోగం అది. ప్రమాదాల్లో చేతులో కాళ్ళో పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడి, వాళ్ళు మళ్ళీ ఒక పనిలో కుదురుకునేదాకా వెంట ఉండాలి.

ఆ పనికి కావాల్సిన చదువు నేను చదివిందే చిన్నమ్మను చూసి. నేను బడికి పోయే రోజుల్లో శనక్కాయల మిషన్‌లో పడి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత కత్తిపీట ముందేసుకుని ఎడమచేత్తో వంకాయలు తరగడం మొదలుపెట్టింది. చీర కుచ్చిళ్ళు గడ్డం కింద అదిమిపట్టి పోసుకునేది. సాయం చేయబోతే కసురుకునేది. నాకు ఆమె అంటే భయం, భయం కన్నా ఎక్కువ గౌరవం.

అంతకు ముందు ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే నా పని అయిపోయింది. ఇది కూడా పోతే ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు గేటు పాసులు రాసే పనికి తిరిగి పోవాల్సిందే. అందుకని చిన్నమ్మ అధికారి వేషం కట్టింది. కళ్ళజోడు పెట్టుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని, "నీ గురించి చెప్పమ్మా" అంది.

నేను లేచి చేతులు కట్టుకున్నాను. "ఈ దినం మీ ముందు నిలబడి మాట్లాడే భాగ్యమిచ్చినందుకు వందనాలు..."

"ఏం మే, సాక్ష్యం చెప్తాండావా? వాళ్ళు పిలిచింది ఉద్యోగానికా, ఆదివారం కూటానికా?"

మా చర్చిలో పిల్లా పెద్దా అందరూ లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. నలుగురి ముందు మాట్లాడటం నాకు తెలిసింది ఆ ఒక్క తీరులోనే: నా కష్టాలు, నా బలహీనతలు, దేవుడు లేవనెత్తిన వైనం, చివర్న "ఈ కొద్ది మాటలు ప్రభువు దీవించును గాక". పోయినసారి కూడా ఇదే చేశానని అప్పుడు వెలిగింది. చిన్నమ్మ పడీ పడీ నవ్వింది.

"నీ తక్కువలన్నీ దేవునికి చెప్పుకో. ఆఫీసర్లకు నీకేం వచ్చునో అది చెప్పు" అంది.

ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరా, బట్టలు ఉతికేచోటా అదే ప్రశ్న. నా నోట్లోంచి వందనాలు అనే మాట వస్తే చెంబులో నీళ్ళు మొహాన కొట్టేది. ఇంతకన్నా మంచి గురువు నాకు ఏ కాలేజీలోనూ దొరకలేదు.

ఇంటర్వ్యూకు తోడు వచ్చింది. నేను లోపలికి పోతే తను మెట్ల మీద కూర్చుంది. మొదటి ప్రశ్న గండం ఎలాగో దాటాను. చివర్లో ఒక మేడమ్, "మీ దగ్గరికి వచ్చిన మనిషిని మొట్టమొదట ఏం అడుగుతారు?" అంది.

"మీకు ఏ పని చేయాలని ఉంది అని అడుగుతాను" అన్నాను. ఆమె తలూపింది.

బయటికి వచ్చి జరిగిందంతా చిన్నమ్మకు చెప్పాను. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే ఆమె కొంగు సర్దుకుంది.

"ఏదీ, నన్నడుగు."

"ముందు ఉద్యోగం రానీ చిన్నమ్మా."

"రాకపోతే అడగవా?"

ఆమె నవ్వుతూ అనలేదు. చెయ్యి పోయిన నాటి నుంచీ ఇంట్లో అందరం ఆమెను కూర్చోమనే చెప్పాం, ఆమె వినకుండా వండుతూనే ఉండేది. ఆ ప్రశ్న మాత్రం ఎవ్వరం అడగలేదు. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"నీకు ఏ పని చేయాలని ఉండాది చిన్నమ్మా?"

ఆమె ఆలోచించుకోలేదు కూడా.

"బడి పిల్లోళ్ళకు వండాల. శానా పెద్ద డేగిసాలో వండాల. ఇంట్లో నలుగురికి వండీ వండీ ఉన్న చెయ్యి మొద్దుబారిపోతాండాది పాపా."