ఈల సార్ వైద్యం

మా కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఒకడున్నాడు. మెడలో తాడు, తాడుకో ఈల. ఆటలు నేర్పే మాస్టారా అంటే, ఆడింది లేదు చచ్చింది లేదు. బుగ్గలు పొంగించి ఊదడం ఒక్కటే వాడికొచ్చిన విద్య. ఎదురుగా ఈల సార్ అంటాం, చాటున ఉత్త ఈల.

నా పక్క మిషన్ కాలర్ అక్కది. ఆవిడ కుట్టిన కాలర్‌కి వంక పెట్టినవాడు లేడు. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతోంది, ఆ ఉద్యోగమే దిక్కు. మనిషి లావు. ఆ లావు ఈ వెధవకి కంట్లో నలుసైంది. దానికో సిద్ధాంతం కూడా కనిపెట్టాడు, మహానుభావుడు!

"ఉలిక్కిపడితే ఒళ్ళు కరుగుతుందమ్మా, నీ మంచికే" అంటూ పిల్లిలా వెనక చేరి చెవి దగ్గర ఊదేవాడు. ఆవిడ అదిరిపడేది. లైనంతా పళ్ళికిలించేది.

"ఊదొద్దని చెప్పెయ్యొచ్చుగా అక్కా?" అన్నాను.

"నోరెత్తితే పంపించేస్తాడే. ఊదుకోనీ, ఊపిరి వాడిదేగా" అంది.

తిండి సగానికి తగ్గించింది. ఒళ్ళు తగ్గలేదు సరికదా, గుండెదడ పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్ళాను. ఆవిడ అక్క ఛాతీకి తీగలు అంటించి, గుండె వేగాన్ని గీతలుగా రాసుకునే చిన్న పెట్టె నడుముకి కట్టి, రోజంతా మామూలుగా పని చేసుకోమంది.

మర్నాడు ఆ గీతలు చూసి, ఒకచోట వేలు పెట్టి, "మెట్లెక్కినప్పుడు కూడా ఇంత లేదే! ఇక్కడ పరిగెత్తావా అమ్మా?" అని అడిగింది.

"లేదండి, కూర్చుని కాలర్ కుడుతున్నా."

"వెనక ఈల ఊదారండి" అన్నాన్నేను.

డాక్టరమ్మ మొహం కందగడ్డైంది. "భయపడితే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. అది గుండెని పరిగెత్తిస్తుంది, ఒంట్లో కొవ్వుని కాస్త మండిస్తుంది కూడా. లావుగా ఉన్న కొందరిలో ఆ మంట సరిగ్గా రాజుకోదు. గుండెకి చాకిరీ మాత్రం తప్పదు. ఈల ఊది ఒళ్ళు కరిగించడమేంటి, బుద్ధుందా వాడికి?" అని, ఈల ఆపాలని కాగితం రాసిచ్చింది.

ఆ కాగితం మేనేజర్‌కిచ్చాం. ఏడ్చినట్టే ఉంది ఆయన తెలివి. గుండె బాగోలేని మనిషి మిషన్ మీద కూర్చోకూడదట! అక్కని పంపేశాడు. ఈల ఉండిపోయింది.

"పాపం, ఆవిడ మంచికే కదా ఊదాను" అన్నాడు వాడు, సిగ్గూ శరం లేకుండా.

అక్క తన కత్తెర నాకిచ్చేసింది. "పిల్లలు ఎందుకు తీసేశారమ్మా అంటే ఏం చెప్పనే?" అంది.

ఇవాళ నా చెవి పక్కన మోగింది ఈల. నేనూ బక్కపల్చగా ఏం లేను మరి! గుండె గొంతులోకొచ్చింది. లైనంతా నవ్వడానికి నోళ్ళు తెరిచింది. లేచి, అక్క కత్తెరతో ఆ తాడు పుటుక్కున కోసి, ఈల నా సంచిలో వేసుకున్నాను. వాడు బుగ్గలు పొంగించుకుని అలాగే నిలబడ్డాడు. నవ్వు రావాల్సింది అప్పుడు, ఒక్కళ్ళూ నవ్వలేదు.

రేపు నన్నూ తీసేస్తారు, తెలుసు. తిన్నగా అక్క ఇంటికి వెళ్తాను. వాళ్ళమ్మ ఉద్యోగం ఊడగొట్టింది ఈ ఈలేనని, ఇంతే ఉందని, పిల్లలకి చూపిస్తాను.