మడతకత్తీ, లేత ఆనపకాయా

ఇది రాయడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అందుకే నాకు బాగా గుర్తున్న చప్పుడు దగ్గర మొదలుపెడతాను.

పెళ్ళయిన కొత్తలో, ఫరంపేటలో మా అత్తవారింట్లో నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. బుధవారం, ఆదివారం పొద్దున్నే మా ఆయన పెరట్లో గెడ్డం గీసుకునేవారు. కిటికీ ఊచకి తోలుపట్టీ ఒకటి వేలాడుతూ ఉండేది. ఎడం చేత్తో దాన్ని బిగించి పట్టుకుని, కుడి చేత్తో మడతకత్తిని దానిమీద పైకీ కిందకీ లాగేవారు. టప్, సర్ర్. టప్, సర్ర్. కత్తి పదును తేలేకొద్దీ ఆ సర్ర్ అనేది సన్నబడిపోయేది. అది బాగా సన్నబడిందంటే నేను లేచి వేడినీళ్ళు తీసుకెళ్ళాలన్నమాట.

ఆ కత్తి మా మావయ్యది, అంటే మా ఆయన తండ్రిది. ఫ్రెంచివాళ్ళున్న రోజుల్లో ఆయన ఓ దొర బంగళాలో వంటపనికి ఉండేవారట. దొర దేశం వెళ్ళిపోతూ దాన్ని ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడట. మావయ్య పోయాక అది మా ఆయనకి వచ్చింది. కొమ్ముతో చేసిన పిడి. మడిస్తే కత్తి మొత్తం ఆ పిడిలో దాక్కుంటుంది. నువ్వేమన్నా మంగలివా అని ఊళ్ళో ఎవరు వేళాకోళం చేసినా ఆయన పట్టించుకోలేదు. సెలూను గడప తొక్కింది జుట్టు కత్తిరింపుకే, గెడ్డానికి ఒక్కనాడూ కాదు.

నురగ పట్టించుకున్నాక ఆయనకి అద్దం నేను పట్టుకోవాలి. గోడకి మేకు కొట్టి అద్దం తగిలించుకోవచ్చు కదా అంటే, "మేకు మాట్టాడదు కదే" అనేవారు. ఇంట్లో అత్తగారు, ఆడపడుచులు, వచ్చేపోయే జనం. మేమిద్దరం తాపీగా మాట్లాడుకున్నది ఆ కాసేపే. పిల్లలు పుట్టినా, పెద్దాళ్ళై పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళినా అద్దం పట్టుకోవడం మాత్రం నాదే.

మా ఆయన రేవులో చేపల వేలంపాట పాడతారు. పడవలు వచ్చాక గంపలు వరసగా దించుతారు. ఒక్కో గంప ముందు నిలబడి ధర పెంచుకుంటూ గట్టిగా పిలవాలి. ఎవరు కన్ను ఎగరేశారో, ఎవరు వేలెత్తారో చూసుకుంటూ, ఆఖరి మాట ఎవరిదో వాళ్ళకి గంప ఇప్పించాలి. ఆయన పాడితే తగువు ఉండదని రేవులో పేరు. పాటకెళ్ళే రోజున చొక్కా నలిగినా ఊరుకునేవారుగానీ గెడ్డం మాత్రం మాసి ఉండకూడదు.

ఈమధ్య ఒక ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో, రేవు మెట్లమీద పాచి పట్టినచోట ఆయన జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చేతికి పట్టు రాలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. ఇంక కత్తేం పడతారు.

గెడ్డం పెరిగింది. తెల్లగా, దుబ్బులా పెరిగింది. మా వైపు మగాడు గెడ్డం పెంచాడంటే మొక్కైనా ఉండాలి, మైలైనా ఉండాలి, లేదా పెళ్ళాం కడుపుతోనైనా ఉండాలి. మా తమ్ముడికి బావని ఆటపట్టించకపోతే అన్నం సయించదు. ఓ సాయంత్రం గోదారి గట్టుమీద నలుగురూ కూర్చున్న చోట వాడు కేకేశాడు.

"ఏం బావా, అక్కకి ఎన్నో నెలేటి?"

గట్టంతా నవ్వారు. ఆయన కూడా నవ్వారు. "తొమ్మిదోది రా. పురుడు మీ ఇంట్లోనే, గుడ్డలు సిద్దం సేసుకో" అన్నారట. వాడే వచ్చి నాతో చెప్పాడు, నేనూ నవ్వాను. కానీ ఆ మర్నాటి నుంచి ఆయన గట్టుకి వెళ్ళడం మానేశారు.

పాటకీ వెళ్ళలేదు. ఆయన బదులు కుర్రాడొకడు పాడుతున్నాడు. రోజూ తగువే. పడవలవాళ్ళలో పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి మంచంమీద కూర్చుని మంచిగానే చెప్పారు. "ఎర్రనీరు దిగుతాది, వేలు పలికే పులస పడతాది. ఆ పాట కుర్రాడి వల్ల కాదు. నువ్వొత్తే సరే. రాకపోతే మాత్రం పైవూరి నుంచి ఒక పాటోడు వత్తానంటన్నాడు, ఆడికి ఇచ్చేత్తారు. ఇచ్చేక మళ్ళీ తీసుకోడం బాగోదు" అన్నారు.

పెద్దాయన వెళ్ళాక నేను మా ఆయన్ని అడిగాను. "గొంతు బానే ఉంది కదా మావా. చేత్తో పనేముంది? నోటితోనే కదా పాట."

"ఈ మొకం ఏసుకెల్తే అయ్యో పాపం అంటారే. పాపం అన్నోడి మాట పాటలో ఎవడూ వినడు."

"సెలూన్‌కి పద."

"ఆ కుర్చీ సరాసరి రోడ్డు కేసే ఉంటాది. మెడ ఎనక్కి వాల్చి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూకుంటే ఊరంతా సూత్తారు. నే రాను."

మా తమ్ముడు ప్లాస్టిక్ రేజరు తెచ్చిచ్చాడు. ఎడం చేత్తో దాంతో ప్రయత్నించారు. ఆ గెడ్డానికి అది రెండు లాగుళ్ళకే మూసుకుపోయింది. బుగ్గ గీరుకుపోయింది. దాన్ని పెరటి గోడమీంచి అవతలకి విసిరేశారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు.

ఆ రోజే నేను అనుకున్నాను, ఆ కత్తి నేనే పడతానని. మా వైపు ఆడవాళ్ళు మంగలికత్తి పట్టరు. అత్తగారుంటే ముట్టుకోనిచ్చేవారు కూడా కాదు. ఆయనతో చెప్తే ఒప్పుకోరు. ముందు కత్తి శుభ్రం చేసి, తర్వాత చెబుదామని కత్తి దాచిన డబ్బా తీశాను.

మా ఊరి గాలికి ఇనుము ఆగదు కదా. ముట్టుకోక నెలలైంది, కత్తి చారలు చారలుగా తుప్పెక్కింది. నాకు తెలిసిన విద్య ఒకటే. చింతపండు నానబెట్టి, ఇటుకపొడి అద్ది, నూతి చప్టా మీద కూర్చుని కొబ్బరిపీచుతో తోమాను. బిందెలూ దీపపు కుందులూ ఎలా తోముతానో అలా తోమాను. అంచు దగ్గర తుప్పు ఎక్కువుందని అక్కడ ఇంకాస్త గట్టిగా తోమాను. తళతళా మెరిసిపోయింది. చాలా సంతోషంగా తీసుకెళ్ళి ఆయనకి చూపించాను.

ఆయన ఎడం చేత్తో తీసుకుని వెలుతురుకి పెట్టి చూశారు. బొటనవేలు అంచుమీద అడ్డంగా రాశారు.

"దేంతో తోమేవే?"

"చింతపండుతో. కాస్త ఇటుకపొడీ."

"మా అయ్య కత్తిని బిందె తోమినట్టు తోమేసావా!"

తిడతారనుకున్నాను. ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకుంటే ఆగలేదు. మంచంమీద అటు తిరిగీ ఇటు తిరిగీ నవ్వారు. "దీంతో ఇప్పుడు వెన్నముద్ద కూడా తెగదే" అన్నారు. జారిపడ్డ తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. నవ్వు తగ్గాక లేచి కూర్చున్నారు. "అదిగో, అటక మీద సానరాయుంటాది, దింపు. మా అయ్య పేరు సెడగొట్టకూడదు" అన్నారు.

ఆ రాయి దగ్గర మేమిద్దరం నాలుగైదు పూటలు కూర్చున్నాం. ఆయన చెప్పడం, నేను నూరడం. "రాయి మీద అంచు ముందు ఎల్లాలి. తోలు మీద ఈపు ముందు ఎల్లాలి. నొక్కకు. పిల్లోడి ఒంటికి సున్నిపిండి రాసినట్టుండాలి." నేను ఒకసారి మరిచిపోయి తోలుమీద అంచు ముందు పెట్టాను. పట్టీకి ఇంత గాటు పడింది. "అది నా మెడనుకో" అన్నారు. ఆ మాటతో మరి మరిచిపోలేదు.

పదును ఎలా తెలుస్తుందని అడిగితే, నా తలలోంచి ఓ వెంట్రుక పీకమన్నారు. తెల్లదే వచ్చింది. దాన్ని వేళ్ళతో వేలాడదీసి కత్తి అంచుకి తాకిస్తే, తెగకుండా వంగిపోయింది. మళ్ళీ నూరాను. మళ్ళీ పీకాను. "ఒసే, ఇది పదునెక్కేలోపు నీకు బట్టతలొచ్చేలాగుంది" అన్నారు. ఆఖరికి ఓ సాయంత్రం, అలా తాకించగానే వెంట్రుక రెండు ముక్కలైంది. నాకైతే నవోదయ బళ్ళో సీటొచ్చిన పిల్లకున్నంత ఆనందం.

"ఇంక కూర్చో మావా" అన్నాను.

"అప్పుడేనా? ముందు ఆనపకాయకి గీయి. మా అయ్య నాకూ అలాగే నేర్పేడు."

లేత ఆనపకాయ మీద సన్నటి నూగు ఉంటుంది. నురగ పట్టించి, తొక్కకి గాటు పడకుండా ఆ నూగు మాత్రం లేపెయ్యాలి. పాదు మీద కాయ కోసుకొచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, బ్రష్షుతో నురగ రాశాను. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు పెరటి తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏటక్కా, ఆనపకాయకి గెడ్డం గీత్తన్నావేటి?"

"రేపు దానికి పెళ్ళిచూపులు రా" అన్నారు మా ఆయన.

"పిల్లెవరు?"

"దోసకాయ. మీ ఇంట్లో ఉందిగా."

మొదటి కాయకి మూడు గాట్లు పడ్డాయి. రెండోదానికి ఒకటి. దాని మర్నాడు కాయ నున్నగా, చంటిపిల్ల బుగ్గలా వచ్చింది. అన్ని కాయలూ పారేయలేం కదా, పులుసు పెట్టాను. మా తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, సబ్బు వాసనొస్తోందని మజ్జిగ పోయించుకున్నాడు. తొక్క తీసే వండాను నేను. మా ఆయన మాత్రం రెండోసారి కూడా వేయించుకున్నారు.

వరదకి గోదారి రంగు మారింది. ఎర్రనీరు దిగింది. ఇంక పులస పడుతుందని రేవులో హడావిడి మొదలైంది. పైనుంచి వచ్చే పాటవాడు వచ్చి చూసుకుని వెళ్ళాడని కూడా తెలిసింది. బుధవారం పొద్దున్న ఆయన తనంతట తనే స్టూలు తెచ్చుకుని పెరట్లో వేసుకున్నారు. అద్దం తన ఎడం చేత్తో తనే పట్టుకున్నారు.

వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, ఆయన మొహంమీద పరిచాను. నురగ పట్టించాను. కత్తి తెరిచాను. ముప్పై ఏళ్ళకి పైబడి కాపురం చేశాను కదా, ఆ మొహాన్ని అంత దగ్గరగా, పట్టపగలు, అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. దవడ కింద ఓ చిన్న పుట్టుమచ్చ ఉంది. ఎడం చెంప మీద కనీ కనబడని గీత ఉంది. ఇదేంటని అడిగాను.

"మొదటిసారి గీసుకున్నప్పటిది. మా అయ్య కొడతాడని పసుపు అద్దుకుని తిరిగేను."

చెంపలు బాగానే వచ్చాయి. తెగే వెంట్రుకలు కరకరమంటుంటే నాకే ధైర్యం వచ్చింది. పై పెదవి దగ్గర ముక్కు చివర పట్టుకుని పైకెత్తాల్సి వచ్చింది. ఆయన్ని ముక్కు పట్టుకుని ఆడించడం అంటే ఇదేనేమో అనుకున్నాను, పైకి అనలేదు. మెడ దగ్గరకి వచ్చాక మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆయన తల వెనక్కి వాల్చి ఉన్నారు. గొంతుముడి పైకీ కిందకీ కదులుతోంది. ఆ గొంతుతోనే కదా పాట. దాని మీద నా చేతిలో కత్తి.

"మానేద్దాం మావా. మెడ దగ్గర కాస్త ఉంచేద్దాం."

"ఊపిరి బిగబట్టేవే నువ్వు. అందుకే ఆగిపోయింది. నువ్వు బిగబడితే నేనూ బిగబడతాను. వదులు."

వదిలాను. ఎడం చేత్తో చర్మం కిందకి లాగి పట్టుకుని, వెంట్రుక వాలునే, చిన్న చిన్నగా గీస్తూ వచ్చాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. అద్దం ఒళ్ళో పెట్టేశారు. అంతా అయిపోయిందనుకున్నప్పుడు చెవి కింద చిన్న గాటు పడింది. ఎర్రగా ఓ చుక్క లేచింది. పటిక తడిపి అద్దాను. ఆయన స్‌స్ అన్నారు, అంతే.

అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. ఎడం చేత్తో దవడ తడుముకున్నారు, కిందనుంచి పైకి. "గెడ్డం కింద ఓ నాలుగు మిగిలిపోయేయి. పరవాలేదు, ఆనపకాయ కన్నా బానే గీసేవ్" అన్నారు. బీరువాలోంచి తెల్ల చొక్కా తీయమన్నారు.

మర్నాడు తెల్లారేసరికి ఆయన రేవుకి వెళ్ళిపోయారు. నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. మా తమ్ముడి బండెక్కి వెనకాలే వెళ్ళి, ఐసు పెట్టెల చాటున నిలబడ్డాను. ఆడవాళ్ళు గంపలతో, కొనేవాళ్ళు బళ్ళతో, అంతా గోలగా ఉంది. పైనుంచి వచ్చిన పాటవాడు కూడా ఓ పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు. పడవలవాళ్ళ పెద్దాయన ఇద్దరి వంకా చూసి, మొదటి గంప మా ఆయన కాళ్ళ దగ్గర దింపించారు.

ఆయన మొదటి మాట నాకే వినపడలేదు. వెనకనుంచి ఎవరో "గట్టిగా!" అని అరిచారు. ఆయన గెడ్డం పైకెత్తారు. నున్నటి మొహం, చెవి కింద నిన్నటి గాటు. అప్పుడు పిలిచారు. నెలల తరబడి గదిలో ఉండి బయటికొచ్చిన గొంతులా లేదు అది. కుడి చెయ్యి జేబులోనే ఉంది. ఎడం చెయ్యి వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తున్నారు. మొదట్లో ఎడం చెయ్యి తడబడింది, రెండో గంపకి సర్దుకుంది. మూడో గంప మీద ఇద్దరు ఒకేసారి వేలెత్తి తగువుకి దిగారు. ఆయన ఇద్దరి మొహాల్లోకీ చూసి ఒకరి వైపు వేలు తిప్పారు. రెండోవాడు గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు. పైనుంచి వచ్చినాయన కాసేపు చూసి, టీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

ఆఖరి గంప లేచాక ఆయన నన్ను చూశారు. జనంలోంచి నా దగ్గరకి వచ్చారు.

"నువ్వెందుకొచ్చేవే?"

"చేపలు కొనుక్కుందామని."

"సంచి ఏది?"

నా చేతిలో ఏమీ లేదు. పాడి పాడి ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

"రేపు ఇంకాస్త పెందలాడే లేపు. పడవలు తొరగా వత్తాయంట" అన్నారు.

లేపుతానని చెప్పి, ఇంటికి బయల్దేరాను.