నాయనమ్మను ఎక్కించుకోని జీపు

మొన్న మా ఆవిడా నేనూ కొత్తగా ఒక ఇల్లు మాట్లాడుకోవడానికి వెళితే, ఓనరు కిరాయి సంగతి చిటికెలో తేల్చేసి, మా తెల్లజుట్ల వంక కాసేపు చూసి, "ఏమనుకోకుండ్రి అంకుల్, రేపు మీకు ఏమన్న అయితే దవాఖాన నుంచే సీదా మీ ఊరికి తీస్కపోవాలె, ఇంటికి తేవద్దు" అన్నాడు. కుర్రవాడు మర్యాదస్తుడే, ఆ మాట అనడానికి నీళ్ళు నమిలాడు కూడా. కిరాయి ఇళ్ళలో తల నెరిసిన మీవంటివారికి ఈ షరతు కొత్తది కాదు, మా చిన్నతనంలోనూ ఉన్నదే.

అప్పట్లో మేము మెదక్‌లో, ఖిల్లా కింది గల్లీలో, ఒక పెంకుటింటి వెనక భాగంలో ఉండేవాళ్ళం. ముందు భాగంలో ఉండే ఇంటావిడను పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం గాని, ఆ వరుసలోని తీపి ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. గోడకు మేకు కొట్టినా, బావి గిలక కిర్రుమన్నా ఇల్లు ఖాళీ చేయమని దండకం ఎత్తుకునేది, మా అమ్మ వింటూనే బియ్యం ఏరుకునేది. ఆ తిట్ల మధ్యనే నేను పుట్టి, బడికి పోయి, మీసాలు మొలిచేదాకా పెరిగాను.

నేను పదో తరగతిలో ఉండగా నాయనమ్మ మంచం పట్టింది, డాక్టరు పెదవి విరిచాడు. బట్టల దుకాణంలో గుమస్తాగా చేసే మా నాయన, ఒకరు అనకముందే మనమే కదలాలని, ఒక జీపు మాట్లాడుకొచ్చాడు. మా సొంతూరు టేక్మాల్‌లో ఇల్లు అమ్ముకుని ఏళ్ళయింది, దాయాదుల కొట్టంలో పడుకోబెడదామని ఆయన ఆలోచన. నాయనమ్మ తెలివిలోనే ఉంది, అయినా ఎక్కడికని అడగలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ పట్టు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మంచంతో సహా ఎత్తబోతుంటే పెద్దమ్మ వచ్చి జీపుకు అడ్డం నిలబడింది. "ఇన్నేండ్లు గీ ఇంట్లనే కూడు తిన్నది, పానం పోయేటప్పుడు పరాయిదైందా? మంచం దించు తమ్మీ" అని నాయనను గద్దించి, డ్రైవరును పంపించేసింది. నాయన గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే నాయనమ్మ ఆ ఇంట్లో, మా అమ్మ ఒళ్ళో, నిమ్మళంగా కన్నుమూసింది.

ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదు, కొన్ని నెలలు ఇల్లు మూసిపెట్టాలన్నారు పంచాంగం చూసిన అయ్యగారు. మన బతుకు బజారున పడ్డట్టే అనుకున్నాం. పెద్దమ్మ గొణుక్కుంటూనే తన భాగానికీ మా భాగానికీ తాళాలు వేసి, రేగోడ్‌లోని తమ్ముడింట్లో తలదాచుకుని, గడువు తీరగానే, దాయాదుల కొట్టంలో సర్దుకున్న మమ్మల్నే మళ్ళీ పిలిపించింది. నాయనమ్మ ఫోటో తగిలించుకోవడానికి మేకు కొడితే ఆ మర్నాడే తిట్టింది.

ఇప్పటి ఇళ్ళకు లిఫ్టులున్నాయి, నల్లా తిప్పితే నీళ్ళొస్తాయి, పదకొండు నెలలకోసారి నవ్వుతూ సంతకాలు పెట్టించుకుంటారు, తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. నిన్న అన్నాల దగ్గర మా ఆవిడా నేనూ, ముందు పోయినవాళ్ళను ఎక్కడ పడుకోబెట్టాలి, మిగిలినవాళ్ళు ఎక్కడ కూర్చుని ఏడవాలి అని మాట్లాడుకున్నాం. చాలాసేపు ఆలోచించినా మాకు ఏ ఇల్లూ తోచలేదు.