మే నెల మంగళవారాల ఆంటీ

ఆంటీ పోయారన్న కబురు పోయిన గురువారం పొద్దున తెలిసింది. తెలియని నంబరని రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఎవరు మీరు?" అని కటువుగానే అడిగాను.

"నేనే. ప్లెయిన్స్‌బరోలో కింది ఫ్లాట్ అక్కని. నంబర్ మారింది" అంది ఆంటీ కూతురు, జార్జియాలోని కమ్మింగ్ నుంచి. "అమ్మ పోయింది. నిన్న. నిద్రలోనే."

"నిజంగానా? ఎవరు చెప్పారు?" అన్నాను.

తల్లి పోయిన మనిషిని ఎవరు చెప్పారని అడిగాను! ఆ తర్వాతే నాకు ఏడుపొచ్చింది. ఎవరేం చెప్పినా ముందు అనుమానించడం నా గుణం. ఆంటీని కూడా ఒకప్పుడు నెల రోజులపాటు అలాగే అనుమానించాను. ఆవిడ గురించి రాయాలంటే నేను ముందు ఆ సంగతే చెప్పుకోవాలి.

ఏడేళ్ళ కిందటి మాట. న్యూయార్క్‌కి ట్రైన్ దూరంలో ఉన్న ప్లెయిన్స్‌బరోలో మాది పై అంతస్తు, వాళ్ళది కింద. ఆంటీ కూతురు, అల్లుడి దగ్గర ఉండేవారు. నేను పెళ్ళి చేసుకుని వచ్చి మూడు నెలలైంది. మా ఆయన వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక సాయంత్రం దాకా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చోవడమే నా పని.

ఒకరోజు లాండ్రీ రూమ్‌లో ఆంటీ డ్రయర్‌లోంచి దుప్పట్లు తీస్తూ అడిగారు.

"ఏమ్మా, న్యూయార్క్ చూశావా?"

"లేదాంటీ."

"మే నెల వచ్చేసింది. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తావు? మంగళవారం వెళ్తున్నా, వస్తావా? టిఫిన్ నేను తెస్తాలే."

అంతకు ముందు నెలలోనే ఇండియన్ స్టోర్‌లో ఒక జంట తెలుగులో తియ్యగా పలకరించి, మా ఫోన్ నంబర్ తీసుకుని, ఇంటికొచ్చి, మా సోఫాలో కూర్చుని రెండు గంటలపాటు సబ్బులూ విటమిన్ బిళ్ళలూ అమ్మే బిజినెస్ గురించి చెప్పి వెళ్ళారు. అందుకే మా ఆయన ఆంటీ మాట వినగానే నవ్వాడు.

"ఊకెనే ఎవరన్న పిలుస్తరా? ట్రైన్ ఎక్కినంక బ్యాగ్‌లకెల్లి ఏదో ఒకటి తీస్తది చూడు."

"తీస్తే తియ్యనీ. నేనైతే పోత" అన్నాను. ఇంట్లో కూర్చుని కూర్చుని ఆ మాత్రం తెగింపు వచ్చేసింది.

ట్రైన్‌లో దారి పొడుగునా ఆంటీ సంచి మీదే నా చూపు. ఆవిడ తీసింది పాత క్యాలెండర్ కాగితం ఒకటి. దాని వెనక గుండ్రటి అక్షరాలతో తెలుగులో ఒక జాబితా ఉంది. ఊరికే ఎక్కనిచ్చే పెద్ద పడవ, గులాబీలు పూసే తోట, ఏ వీధిలో సంత, ఏ చర్చిలో మధ్యాహ్నం పూట పాటకచేరీ, అన్నీ రాసుకున్నారు. లైబ్రరీలో ఉచితంగా పెట్టే పేపర్లు తిరగేసి పోగు చేసిన వివరాలవి.

"డబ్బులిచ్చి చూసేవి ముసలైపోయాక చూద్దాం" అన్నారు. అప్పటికి ఆవిడకి అరవై రెండు.

పడవ మీద గాలికి చున్నీ ఎగిరిపోతుంటే నడుముకి బిగించి కట్టుకుని, రెయిలింగ్ దగ్గర నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసినా పట్టించుకోకుండా ఆవకాయ కలిపిన పెరుగన్నం తిన్నారు. ఒడ్డు దాటి వీధుల్లో నడుస్తుంటే చలికాలమంతా దాచిపెట్టిన కుర్చీలన్నీ జనం బయట వేసుకున్నట్టుంది ఊరు. పచ్చిక కనబడినచోటల్లా ఆఫీసువాళ్ళు బూట్లు విప్పి పడుకున్నారు.

"మే నెలలో ఈ ఊరి మనసు బాగుంటుందమ్మా. ఏం అడిగినా కాదనదు. జూలై వచ్చిందా, ఉక్కకి దానిక్కూడా చిరాకొచ్చేస్తుంది" అన్నారు ఆంటీ.

ఆ రోజు సంతోషంగానే గడిచింది. ఒక్క గంట తప్ప. సెంట్రల్ పార్క్‌లో చిన్న సరస్సు పక్కన బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, "గంటలో వస్తా. ఇక్కడే ఉండు. ఎక్కడికని అడక్కు" అని సంచి తీసుకుని చెట్ల మధ్యకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమట, మొహం ఎర్రబడి ఉంది. ఏమైందంటే, "నడిచా" అన్నారు.

మరుసటి మంగళవారమూ అంతే. ఈసారి అరచేయి గీసుకుపోయింది. మూడో మంగళవారం కుంటుతూ వచ్చారు. సల్వార్ అంచుకి నల్లటి మరక ఉంది.

"యాడ్నన్న దొంగతనంగ పని చేస్తుందేమో. రేపు నిన్ను గూడ రమ్మంటది. మన వీసా సంగతి యాదికుంచుకో" అన్నాడు మా ఆయన. ఆ మాట నా బుర్రలో గట్టిగా నాటుకుంది.

నాలుగో మంగళవారం ట్రైన్‌లో ఆంటీ బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడు ఆవిడ సంచి తెరిచి చూశాను. ఇతరుల సంచి తెరవడం తప్పని తెలిసే తెరిచాను. లోపల పాత కాన్వాస్ బూట్లు, దూది, అయొడిన్ సీసా, నాలుగు మడతలు పెట్టిన ఒక ఫారం ఉన్నాయి. ఫారం పూర్తిగా విప్పే ధైర్యం లేక, పైకి కనిపించిన రెండు ఇంగ్లిష్ వాక్యాలే చదివాను. గాయమైనా, మరణం సంభవించినా నిర్వాహకులది బాధ్యత కాదని ఉంది. కింద ఆంటీ సంతకం.

ఆ రోజు పార్క్‌లో ఏం చూశానో నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన కూడా కంగారుపడ్డాడు. "కొత్త మందులు మనుషుల మీద టెస్ట్ చేస్తరు గద. సైన్ చేపిచ్చుకుంటరు, పైసలిస్తరు. గిదేదో గదే." అన్నీ సరిపోయినట్టే అనిపించింది. చెమట, కుంటడం, గంట సేపు మాయమవడం, ఎక్కడికని అడగొద్దనడం.

మర్నాడు సాయంత్రం పార్కింగ్‌లో అక్క కారు దిగుతుండగా ఆపి, సంచి తెరిచిన సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆవిడ పని చేసేది కూడా మందుల కంపెనీలోనే. నా మాట వినగానే మొహం పాలిపోయింది. మంచి పని చేశాననే ధీమాతో మెట్లెక్కాను.

తర్వాత తెలిసింది, ఆ సాయంత్రం అక్క వాళ్ళమ్మ చేతులు రెండూ తిప్పి తిప్పి సూది గుచ్చిన గుర్తుల కోసం వెతికిందట. పార్క్‌లో జారిపడ్డానని ఆంటీ అన్నారు. అంతకు మించి నోరు విప్పలేదు. అయితే ఇక న్యూయార్క్ వద్దంది అక్క.

రెండు రోజులకి లాండ్రీ రూమ్‌లో ఆంటీ ఎదురుపడ్డారు. నా వైపు చూడకుండానే తువ్వాళ్ళు మడతపెడుతున్నారు.

"మంగళవారం లేదమ్మా ఇంక. నా సంచి ఎవరో వెతికారట, మా అమ్మాయికి చెప్పారట."

నేను డ్రయర్ తెరిచి, లోపలికి వంగి బట్టలు వెతుకుతున్నట్టు నటించాను.

"నువ్వు కాదులే. నువ్వట్టాంటిదానివి కాదు" అన్నారు.

పైకి వెళ్ళాను కానీ అన్నం సహించలేదు. మధ్యాహ్నం దాటాక కిందికి దిగి తలుపు కొట్టాను. ఆంటీ తలుపు తియ్యగానే గడపలో నిలబడే చెప్పేశాను. "నేనే చెప్పాను ఆంటీ. సంచి నేనే చూశాను."

"తెలుసు" అన్నారు.

"మరి నేను కాదన్నారుగా?"

"అట్టా అంటే నువ్వే వచ్చి చెప్తావని. కోప్పడితే తలుపేసుకుని కూర్చుంటావుగా." లోపలికి రమ్మని కుర్చీ చూపించారు. "నువ్వు ఆ సంచి వైపు మొదటి రోజు నుంచీ చూస్తానే ఉన్నావు. ఏవన్నా అమ్ముతాననుకున్నావా?"

తల దించుకున్నాను.

"నీ అనుమానం మరీ తప్పేం కాదులే. నాకూ నీతో పనుంది. ఒక్కదాన్నీ సిటీకి పంపనంది మా అమ్మాయి. పగలంతా ఖాళీగా ఉండేది ఈ బిల్డింగ్ మొత్తానికి నువ్వొక్కదానివే. అందుకని పిలిచా."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి మనసు చివుక్కుమంది. నన్ను చూసి ముచ్చటపడి పిలిచారని నాలుగు వారాల్లో ఎక్కడో నమ్మడం మొదలుపెట్టాను కాబోలు. ఆంటీ అది కనిపెట్టారు. "మొదటి వారం అందుకే పిలిచానమ్మా. తర్వాత వారాలు అందుకు కాదు" అన్నారు. అప్పుడు సంచిలోంచి ఫారం తీసి, మడతలన్నీ విప్పి నా ముందు పరిచారు.

పెద్దవాళ్ళకి సైకిల్ నేర్పే క్లాసు ఫారం అది. పార్క్‌లో ఊరికే నేర్పుతారట. ఐదు మంగళవారాలు. నేను చదివిన రెండు వాక్యాలూ అన్నిటికన్నా కింద ఉన్నాయి.

అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. "సైకిలా? ఈ వయసులోనా?"

"చిన్నప్పుడు మా అన్నయ్యల సైకిల్ రోజూ నేనే తుడిచేదాన్ని. గాలి కొట్టించుకొచ్చేదాన్ని. నడిపించుకుంటా తీసుకెళ్ళేదాన్ని కానీ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇక్కడ నన్ను వద్దనడానికి ఎవరున్నారు, మా అమ్మాయి తప్ప? దానికి చెప్తే భయపడుద్ది. చెప్పకపోయినా మానిపించిందిగా, చూడు."

"అయితే చెప్పేద్దాం ఆంటీ. ఇంకా పోయేదేముంది?"

ఆ సాయంత్రం ఇద్దరం కలిసే చెప్పాం. సూదులూ మందులూ కాదని తెలిసి అక్క ముందు ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే కోపం వచ్చింది. "పడితే? తుంటి ఎముక విరిగితే? అమ్మకి ఇక్కడ ఇన్సూరెన్స్ కూడా లేదు, తెలుసా నీకు?" అని నన్నే అడిగింది. ఆవిడ భయం అబద్ధం కాదు. "ఇంకొక్క క్లాసే ఉంది అక్కా. నువ్వే వచ్చి చూడు. వద్దంటే వద్దు" అన్నాను.

"నిజంగా సైకిలేనా?" అంది అక్క. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని కొంచెం ఊరట కలిగింది.

ఐదో మంగళవారం అక్క లీవ్ పెట్టి వచ్చింది. పార్క్‌లో చెట్ల వెనక చదునైన చోట నారింజ రంగు కోన్లు వరసగా పెట్టారు. నేర్చుకునేవాళ్ళు పది మంది దాకా ఉన్నారు, అందరూ నడివయసు దాటినవాళ్ళే. నేర్పేది పొడవాటి నల్లజాతి స్త్రీ. ఆంటీని చూడగానే, ఇంగ్లిష్‌లో అమ్మా అన్నట్టుగా, "మామా!" అని చేతులు చాచింది. అక్క కేసి తిరిగి, మొదటి మూడు వారాలూ పెడల్స్ ఊడదీసి కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే నేర్పుతామని, మీ అమ్మ అందరికన్నా ఎక్కువసార్లు పడి అందరికన్నా ముందు లేచిందని చెప్పింది.

ఆంటీ సల్వార్ అంచుకి పిన్నీసు పెట్టుకుని, ముడి మీద నిలబడని హెల్మెట్‌ని ఒక చేత్తో సర్దుకుంటూ సైకిల్ ఎక్కారు. మొదటిసారి రెండు గజాలు పోయి ఆగిపోయారు. రెండోసారి పక్కకి ఒరిగారు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. మూడోసారి "చక్రం కాదు మామా, ఎదురుగా చూడు!" అని టీచర్ అరిచింది. ఆంటీ తల ఎత్తారు. సైకిల్ మొదటి కోన్ దాటింది, రెండోది దాటింది. "అమ్మా, బ్రేక్! బ్రేక్ వెయ్యి!" అని అక్క తెలుగులో కేకలు పెడుతోంది. ఆంటీకి వినిపించే ఉంటుంది. బ్రేక్ మాత్రం వెయ్యలేదు. చివరి కోన్ కూడా దాటి, ఎండలో నవ్వుకుంటూ, ఎవరూ దారి గీయని వైపుకి పోయారు.

తిరుగు ప్రయాణంలో ట్రైన్ నెవార్క్ దాటింది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "ముడి మీద హెల్మెట్ నిలవట్లేదమ్మా. జడేసుకో."

ఆంటీ నా కాలు తొక్కారు. అనుమతి దొరికింది.

ఆ తర్వాత మూడేళ్ళు, మే నెల మంగళవారాలన్నీ మావే. నాకు మాత్రం అన్నిటికన్నా ఆ మొదటి ఐదు వారాలే బాగా గుర్తు, నేను ఏదీ సరిగ్గా చూడని వారాలు. పక్కనే మనిషి సంతోషాన్ని నేర్చుకుంటుంటే, నేను ఆవిడ చేతి మీద గీతలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆంటీ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎవరైనా కొత్తావిడ బిల్డింగ్‌లోకి వస్తే మాత్రం నన్ను పురమాయించేవారు. "పిలువు. అనుమానపడితే పడనీ. రెండు వారాలైతే అదే పోద్ది."

వాళ్ళు కమ్మింగ్‌కి మారాక ప్రతి మే నెలలో ఫోన్ చేసేవారు. "వెళ్ళావా? ఏం చూశావు?" వెళ్ళకుండా వెళ్ళానంటే పట్టేసేవారు. గులాబీలు ఏ రంగు ముందు పూశాయని అడిగేవారు. అక్కడ ట్రైన్ లేదు, సంతలు లేవు. వాళ్ళ వీధి చివర గుండ్రంగా తిరిగే చోటుంటే అక్కడే పొద్దున్నే సైకిల్ మీద పది చుట్లు కొట్టేవారట. పోయిన వారం దాకా కొట్టారని అక్క ఫోన్‌లో చెప్పి, "నేను వెనక నడిచేదాన్ని, పడితే పట్టుకుందామని. ఒక్కరోజూ పడలేదు" అంది. ఆ మాటకి ఇద్దరం ఏడ్చాం.

మొన్న మంగళవారం ఒక్కదాన్నే సిటీకి వెళ్ళాను. పార్క్‌లో క్లాసు జరుగుతోంది. టీచర్ కొత్త మనిషి. కాస్త దూరంలో పచ్చిక మీద కూర్చున్నాను. యాభై దాటినావిడ ఒకావిడ, చీర మీద బూట్లు వేసుకుని, సైకిల్ మీద ఊగుతూ వచ్చి నా ఎదురుగానే పడిపోయింది. పడగానే మోకాలు చూసుకోలేదు. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. నేను తల తిప్పి, చెట్ల సందుల్లోంచి కనిపించే సరస్సులో పోతున్న పడవల వైపు చూస్తూ కూర్చున్నాను. వెనక ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, మళ్ళీ సైకిల్ ఎక్కుతున్న చప్పుడు వినబడింది.